ఫాదర్ నెలకొకసారి వచ్చే ఊళ్ళో కతోలిక కుటుంబం: రోజువారీ విశ్వాస జీవితానికి సమగ్ర మార్గదర్శి

నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) 1928లో మద్రాసు నుంచి విడివడి ఏర్పడింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఈనాటికీ చాలాచోట్ల పరిస్థితి ఒకటే. విచారణకు, అంటే కొన్ని ఊళ్ళు కలిసిన గుడి పరిధికి, గురువు ఒక్కరు, ఆయన చేతికింద ఊళ్ళు అనేకం. విచారణ కేంద్రంలో ప్రతి ఆదివారం పూజ ఉంటుంది. మిగతా ఊళ్ళకు ఫాదర్ వంతులవారీగా నెలకు ఒకటి రెండుసార్లు వస్తారు. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలోనైనా, సముద్రం ఒడ్డు పట్టపుపాలేల్లోనైనా గురువు దూరంగా ఉన్నప్పుడు విశ్వాసాన్ని మోసేది ఇల్లే. ఇంట్లో ఏం చేయాలి, పనిచోట ఎలా ఉండాలి, ఫాదర్ వచ్చిన రోజును ఎలా వాడుకోవాలి, ఆయన చేరేలోపు ప్రాణం మీదికి వస్తే ఎవరు ఏం చేయవచ్చు అన్న సంగతులను ఇక్కడ వరసగా చెబుతున్నాం.

రోజుకు మూడు వేళలు

చాలా ఇళ్ళలో జపం ఆగిపోయేది భక్తి తగ్గి కాదు, దానికంటూ ఒక వేళ లేక. "తీరిక దొరికినప్పుడు చేద్దాం" అనుకుంటే తీరిక దొరకదు. ఇంట్లో ఎలాగూ జరిగే పనికి జపాన్ని ముడివేయండి.

పొద్దున లేవగానే, ఫోను చేతిలోకి తీసుకోకముందే సిలువ గుర్తు వేసుకోవాలి. నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం తాకుతూ "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున, ఆమెన్" అనడానికి ఐదు సెకన్లు చాలు. పిల్లలు దీన్ని ఈగ తోలినట్టు గబగబా లాగేస్తుంటారు. వాళ్ళ చేయి పట్టుకుని నెమ్మదిగా ఒక నెల చేయిస్తే అలవాటవుతుంది.

త్రికాల జపం పాత పద్ధతిలో ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు గంటలకు. మూడు చిన్న వాక్యాలు, ఒక్కోదాని తర్వాత ఒక మంగళవార్త జపం (మరియమ్మకు వందనం చెప్పే జపం), చివర ముగింపు ప్రార్థన. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. గుడి గంట వినపడని ఊళ్ళో పాలు పితికే వేళ, అన్నం కోసం పని ఆపే వేళ, లైట్లు వేసే వేళ అని పెట్టుకోండి. చీమకుర్తి క్వారీలోనో, పొగాకు బారెన్ దగ్గరో నలుగురి మధ్య ఉన్నవాళ్ళు మనసులో ఒక్క మంగళవార్త జపం చెప్పుకున్నా ఆ వేళ నిలబడుతుంది.

రాత్రి పడుకోబోయే ముందు మూడు నిమిషాలు ఆత్మశోధన. ఈ రోజు దేవుడు ఇచ్చిన మేలు ఏమిటి? ఎవరిని నొప్పించాను? చేయాల్సింది ఏది వదిలేశాను? రేపు దిద్దుకోవాల్సింది ఏది? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుని, ఉత్తమ మనస్తాప జపంతో ముగించండి. ఇది రోజూ చేసేవాళ్ళకు పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) నాడు తడుముకోవాల్సిన పని ఉండదు.

జపమాల

మాలలో పూసలు మొత్తం 59. మంగళవార్త జపానికి 53 చిన్నవి, పరలోక జపానికి 6 పెద్దవి. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం, ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు, త్రిత్వానికి మహిమ. ఆ తర్వాత ఐదు దేవరహస్యాలు (యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు), ఒక్కోదానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు. సోమ, శనివారాల్లో సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాల్లో మహిమ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. ఈ వెలుగు రహస్యాలను 2002లో రెండవ జాన్ పాల్ పాపుగారు చేర్చారు. పాత జపపుస్తకాల్లో అవి కనిపించకపోవడానికి కారణం అదే.

మొత్తం జపమాలకు 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఇంట్లో అలవాటు లేనప్పుడు మొదటిరోజే ఐదు రహస్యాలకు కూర్చోబెట్టకండి. ఒక్క రహస్యంతో మొదలుపెడితే నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అది నెలరోజులు తప్పకుండా నడిచాక రెండోది కలపండి. రాత్రి తొమ్మిదిన్నరకు, సీరియల్ అయ్యాక పెట్టుకున్న జపమాల పిల్లలు జోగడంతో ముగుస్తుంది. అన్నానికి ముందు పెట్టుకుంటే ఆకలి మీదైనా మెలకువగా ఉంటారు. ఒక్కో రహస్యం ఒక్కొక్కరు చెప్పించాలి. నాన్న ఒక్కడే చెప్పించి మిగతావాళ్ళు గొణిగే ఇళ్ళలో ఆయన డ్యూటీకి వెళ్ళిన రోజు జపం ఆగిపోతుంది.

జపపీఠం ఇంట్లో అందరూ తిరిగే గదిలో, పిల్లలకు చూపు ఆనే ఎత్తులో ఉండాలి. సిలువ, దేవమాత స్వరూపం, పరిశుద్ధ గ్రంథం, చిన్న సీసాలో తీర్థజలం చాలు. కొవ్వొత్తి దగ్గర ప్లాస్టిక్ పూలు, నైలాన్ తెర పెట్టవద్దు. క్రిస్మస్ పశువులపాకలో గడ్డి, సీరియల్ బల్బులు, కొవ్వొత్తి మూడూ ఒకచోట చేరితే ఇల్లే అంటుకుంటుంది.

పరిశుద్ధ గ్రంథం కొనేటప్పుడు మొత్తం 73 గ్రంథాలు ఉన్నాయో లేదో విషయసూచికలో చూడండి. 66 మాత్రమే ఉంటే అది ప్రొటెస్టెంటు ముద్రణ. తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి ఏడు గ్రంథాలు అందులో ఉండవు. ఆదివారం పఠనాలు మూడేళ్ళ చక్రంలో వస్తాయి. ఏడాది అంకెను 3తో భాగించండి. శేషం 1 అయితే 'ఎ' సంవత్సరం, సువిశేషం ఎక్కువగా మత్తయి నుంచి. శేషం 2 అయితే బి సంవత్సరం, మార్కు. శేషం లేకపోతే సి సంవత్సరం, లూకా. 2026ను భాగిస్తే శేషం 1. దైవార్చన సంవత్సరం జనవరిలో కాక ఆగమనకాలం (క్రిస్మస్‌కు ముందు వచ్చే కాలం) మొదటి ఆదివారంతో మొదలవుతుంది కాబట్టి ఆ రోజు నుంచి వచ్చే ఏడాది అంకెను తీసుకోవాలి.

పూజ ఉన్న ఆదివారం, పూజ లేని ఆదివారం

ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొనడం బాధ్యత. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆ బాధ్యత తీరుతుంది. కృష్ణపట్నం వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, ఆస్పత్రి డ్యూటీవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. డ్యూటీ చార్టు రాగానే దగ్గరలో శనివారం పూజ ఎక్కడుందో ముందే కనుక్కోండి. మంచం పట్టినవాళ్ళకు, పసిబిడ్డ తల్లికి, వాళ్ళను కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్ళకు ఈ కట్టుబాటు వర్తించదు. వాళ్ళు రానందుకు పాపసంకీర్తనంలో కుమిలిపోవాల్సిన పని లేదు.

ఆదివారం పని చేయవచ్చా అన్నది మన రైతులు తరచూ అడిగే ప్రశ్న. రొయ్యల చెరువులో ఏరేటర్ ఆగి ఆక్సిజన్ పడిపోతే ఆదివారమైనా దిగాల్సిందే. కోసిన వరి మీద వాన పడబోతుంటే ఎత్తాల్సిందే. అలాంటి అవసరం తప్పు కాదు. సోమవారం చేయగలిగిన పనిని కూలీలు దొరికారని ఆదివారం పొద్దున పెట్టి, మనతోపాటు వాళ్ళనూ పూజకు వెళ్ళనివ్వకపోవడం తప్పు.

దివ్యసత్ప్రసాదానికి (పూజలో తీసుకునే ప్రభువు శరీరానికి) గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. ఈ గంట లెక్క పూజ మొదలయ్యేసరికి కాదు, సత్ప్రసాదం తీసుకునే సమయానికి. మంచినీళ్ళు, మందులు పరవాలేదు. ముసలివాళ్ళకు, రోగులకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు ఈ నియమం లేదు. షుగర్ ఉన్నవాళ్ళు దీనికోసం కళ్ళు తిరిగేదాకా ఉండవద్దు. చావైన పాపం (తెలిసి, ఇష్టపడి చేసిన పెద్ద పాపం) మనసులో ఉన్నవాళ్ళు ముందు పాపసంకీర్తనం చేసి తర్వాతే వరుసలో నిలబడాలి. వరుసలోకి వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో నోరు తెరిచేవాళ్ళు చాలామంది. పక్కవాళ్ళు లేవకపోతే ఎందుకని అడగకుండా ఉండటం మనందరం నేర్చుకోవాల్సిన మర్యాద.

పూజ లేని ఆదివారం ఉపదేశి (ఊళ్ళో విశ్వాస పాఠాలు చెప్పే వ్యక్తి) నడిపే ప్రార్థనకు వెళ్ళండి. "ఫాదర్ రాలేదు కదా" అని ఇంట్లో ఉండిపోవడం దగ్గరే ఊళ్ళో సంఘం సడలడం మొదలవుతుంది. గురువు లేక పూజ దొరకనప్పుడు వాక్య ప్రార్థనలో గాని, కుటుంబంగా గాని తగినంత సేపు ప్రార్థనలో గడపమని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే గట్టిగా చెబుతోంది. ఉపదేశి కూడా లేని ఊళ్ళో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఇలా చేయవచ్చు. సిలువ గుర్తు, ఒక పాట, రెండు నిమిషాల మౌన పశ్చాత్తాపం. కూర్చుని మొదటి పఠనం, కీర్తన, రెండో పఠనం. లేచి నిలబడి సువిశేషం. ఆ తర్వాత మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఇక్కడే ఎవరో ఒకరు ప్రసంగం అందుకుంటారు, అది అరగంటకు తగ్గదు. ప్రసంగం వద్దు. ఎవరికైనా తగిలిన వాక్యం ఉంటే దాన్ని మళ్ళీ చదివితే చాలు. విశ్వాస సంగ్రహం, ఊళ్ళో రోగుల పేర్లు చెప్పి విన్నపాలు, పరలోక జపం, మనసులో ప్రభువును రమ్మని పిలుచుకునే ఆత్మీయ సత్ప్రసాద ప్రార్థన, చివరి పాట. మొత్తం 40 నిమిషాలు. టీవీలో పూజ మంచంలో ఉన్నవాళ్ళకు ఆదరణ. నడవగలిగినవాళ్ళకు అది పూజకు బదులు కాదు.

పాపసంకీర్తనం: ఫాదర్ వచ్చిన రోజు

చావైన పాపాలను కనీసం ఏడాదికి ఒకసారి ఒప్పుకోవాలన్నది నియమం. నెలకొకసారి అయితే మనిషికి ఆరోగ్యం. పల్లెలో చిక్కేమిటంటే ఫాదర్ పూజకు పది నిమిషాల ముందు దిగుతారు, అప్పటికే పదిమంది వరుసలో ఉంటారు. ఆయన వచ్చే ముందురోజే ఫోన్ చేసి "ఒక అరగంట ముందు రాగలరా స్వామీ, పాపసంకీర్తనాలు ఉన్నాయి" అని అడగండి. లేదా పూజ అయ్యాక కాసేపు ఉండమనండి. ఫోన్లో పాపసంకీర్తనం చెల్లదు, మనిషి ఎదుట ఉండాలి.

ముందురోజు రాత్రి పది ఆజ్ఞలు పెట్టుకుని ఆత్మశోధన చేసుకోండి. మన లెక్కలో వ్యభిచారం ఆరో ఆజ్ఞ, దొంగతనం ఏడో ఆజ్ఞ. బాప్టిస్టు బంధువుల లెక్కలో అవి ఏడు, ఎనిమిది. అందుకే అంకె కాకుండా పాపం పేరే చెప్పండి. చావైన పాపమైతే ఏమిటో, ఎన్నిసార్లో చెప్పాలి. "కోపం వచ్చింది ఫాదర్" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. "తాగి వచ్చి నా భార్యను మూడుసార్లు కొట్టాను" అంటే చెప్పినట్టు. సరిగ్గా గుర్తులేకపోతే "నెలకు రెండు మూడుసార్లు" అనండి. కథ మొత్తం అక్కర్లేదు, ఇంకొకరి పేరు అసలే వద్దు. అత్త చేసిన తప్పులు కోడలు, కోడలు చేసినవి అత్త చెప్పి లేచిపోతే ఇద్దరూ తమ పాపం ఒప్పుకోకుండానే వెళ్ళినట్టు.

మోకరిల్లి సిలువ గుర్తు వేసుకుని, "నన్ను దీవించండి ఫాదర్, నేను పాపాత్ముడను. నా కడపటి పాపసంకీర్తనం జరిగి ఇన్ని నెలలైంది" అని మొదలుపెట్టండి. పాపాలు చెప్పండి. "వీటికీ, నాకు గుర్తురాని పాపాలన్నిటికీ మనస్తాపపడుతున్నాను" అని ఆపండి. గురువు చెప్పే మాట, విధించే ప్రాయశ్చిత్తం వినండి. వినపడకపోతే మళ్ళీ అడగండి. మనస్తాప జపం చెప్పండి. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీ పాపములను క్షమించుచున్నాను" అన్న మాట గురువు నోట వచ్చేదాకా లేవవద్దు. ప్రాయశ్చిత్తం ఆ రోజే తీర్చేయండి.

జపాలు మరిచిపోయి పదేళ్ళు దాటినవాళ్ళు సిగ్గుతో దూరంగా ఉండిపోతున్నారు. వాళ్ళు చెప్పాల్సింది ఒక్క మాటే: "ఎలా చేయాలో మరిచిపోయాను ఫాదర్, మీరే అడగండి." ఆయనే చేయి పట్టి నడిపిస్తారు. విన్న పాపాన్ని గురువు ఎవరికీ, ఏ కారణంతోనూ చెప్పకూడదు. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ బహిష్కారానికి గురవుతారు. చిన్న ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు కాబట్టి ఈ సంగతి ఉపదేశి పాఠాల్లో పదేపదే చెప్పాలి. అయినా ముఖం చూపలేననుకుంటే పక్క విచారణకు వెళ్ళి చేసుకోండి, అందులో తప్పేమీ లేదు. తెలిసి ఒక చావైన పాపాన్ని దాచి మిగతావి చెబితే మాత్రం చెప్పినవాటికీ క్షమాపణ దక్కదు.

కాటా దగ్గర, కూలి దగ్గర

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. ఆదివారం పాట పాడే గొంతు సోమవారం కాటా దగ్గర ఎలా ఉందో ఊరంతా చూస్తుంది.

నెల్లూరు లెక్కలో పుట్టి వడ్లంటే 850 కిలోలు. తేమ ఉందని మీటరు చూపించి, ఇంత తరుగు తీస్తానని ముందే చెప్పి, రైతు ఒప్పుకున్నాక తీసింది ఒక సంగతి. చెప్పకుండా కాటాలో లాగింది దొంగతనం. రొయ్యల్లోనూ అంతే. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 50 కౌంట్ సరుకును 60 అని రాస్తే రైతుకు కిలో మీద రావాల్సిన ధర పడిపోతుంది. రైతు వైపు చూస్తే, శాంపిల్‌కు పెద్ద రొయ్యలు ఏరి ఇవ్వడమూ అదే పాపం.

దొంగిలించింది పాపసంకీర్తనంలో చెప్పినంత మాత్రాన తీరదు, తిరిగి ఇవ్వాలి. లెక్క ఇలా వేయండి. పుట్టికి 15 కిలోల చొప్పున 40 పుట్లకు లాగితే 600 కిలోలు. ఆనాటి ధరకు దాని విలువ ఎంతో కట్టండి. ఆ రైతుకే ఇవ్వాలి. పేరు బయటపడుతుందని భయమైతే గురువు ద్వారా పంపవచ్చు. రైతు చనిపోతే వారసులకు. ఎవరిదో తేలకపోతే పేదలకు. ఒక్కసారి ఇవ్వలేకపోతే విడతలుగా ఇవ్వండి. మొదటి విడత మాత్రం ఇప్పుడే ఇవ్వండి. గుడికి పెద్ద కానుక వేస్తే రైతు బాకీ తీరదు. సువిశేషంలో సుంకరి జక్కయ్య నాలుగు రెట్లు ఇస్తానన్నది ఎవరిని మోసగించాడో వాళ్ళకే (లూకా 19:8).

కూలి ఏ రోజుది ఆ రోజు, పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24:15 చెబుతుంది. ఇవ్వకుండా పట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తుంది. నాట్లకు, పొగాకు కొట్టుడుకు వచ్చిన ఆడవాళ్ళను "శనివారం రండి" అని తిప్పించుకునే అలవాటు మన ఇళ్ళలో ఉంటే ముందు దాన్ని మానాలి. వడ్డీ సంగతి కూడా చూసుకోండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఆస్పత్రి ఖర్చుకు కాళ్ళావేళ్ళా పడిన మనిషి దగ్గర ఆ లెక్క కట్టి, ఆ సొమ్ముతో పండుగ అన్నదానం పెట్టవద్దు.

కులం మాట దాటవేయకూడదు. ఒకే సత్ప్రసాదం తీసుకున్నవాళ్ళు సమాధుల తోటలో విడివిడి మూలలు కోరుకోవడం పాపం, ఆచారం అన్న పేరు పెట్టి దాన్ని మోయవద్దు. విచారణ కమిటీలో ఈ మాట ఎత్తాల్సింది అన్యాయం అనుభవించేవాళ్ళు మాత్రమే కాదు. ఆ మూల వల్ల లాభపడినవాళ్ళు ముందుగా ఎత్తాలి.

శుక్రవారం, తపస్సుకాలం

విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రెండు రోజులూ ఉపవాసం, మాంసం మానడం రెండూ ఉంటాయి. ఉపవాసం 18 నిండినవాళ్ళ నుంచి 59 నిండేదాకా. ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలా కొద్దిగా. మాంసం మానడం 14 నిండినవాళ్ళందరికీ, ఆపైన వయసు పరిమితి లేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, రోగులకు, ఒళ్ళు విరిచే పని చేసేవాళ్ళకు ఉపవాసం వర్తించదు. ఒంగోలు ఎండలో రాళ్ళ పని చేసే మనిషి పస్తుండి పడిపోతే అది పుణ్యం కాదు. ఏడాదిలోని మిగతా శుక్రవారాలూ ప్రాయశ్చిత్త దినాలే. మాంసానికి బదులు ఏం చేయవచ్చో మీ గురువును అడగండి.

చేపలు, గుడ్లు, పాలు నిషేధం కాదు. చట్టం ప్రకారం పవిత్ర శుక్రవారం చేపల పులుసు తినవచ్చు. మామిడికాయ వేసి, ముందురోజే వండి ఊరబెట్టిన నెల్లూరు పులుసుతో రెండుసార్లు వడ్డించుకుంటే మాత్రం ఆ రోజు మానింది ఏమీ లేనట్టే. పచ్చడి మెతుకులు చాలు. మానిన మాంసం ఖరీదును ఒక డబ్బాలో వేసి, పాస్కా (ఈస్టర్) ముందు ఊళ్ళో ఒక ఇంటికి బియ్యమో మందులో కొనివ్వండి. డబ్బా వంటింట్లో కనపడేచోట ఉంటే పిల్లలు అడుగుతారు, అదే వాళ్ళకు ఉపదేశం. నిరుటి మ్రానికొమ్మల పండుగ మట్టల్ని చెత్తలో వేయవద్దు. విభూది కోసం గుడికి ఇచ్చేయండి, లేదా ఇంట్లోనే కాల్చి బూడిదను మొక్క మొదట్లో కలపండి.

చుట్టాలు, ఇరుగుపొరుగు

ఈ రెండు జిల్లాల్లో కతోలిక ఇంటికి బాప్టిస్టు చుట్టాలు ఉండటం సహజం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళింటి ప్రార్థన కూటానికి వెళ్ళవచ్చు, కలిసి పాడవచ్చు, కలిసి పరలోక జపం చెప్పవచ్చు. వాళ్ళ ప్రభురాత్రి భోజనంలో రొట్టె తీసుకోకూడదు, మన సత్ప్రసాదానికి వాళ్ళను లేపకూడదు. "పసిపిల్లప్పుడు ఇచ్చింది చెల్లదు, మళ్ళీ ముంచాలి" అని ఎవరైనా ఒత్తిడి తెస్తే తగ్గవద్దు. నీటితో, త్రిత్వ నామంలో ఒకసారి పొందిన జ్ఞానస్నానం జీవితాంతం చెల్లుతుంది. ఆ లెక్కన వాళ్ళది కూడా చెల్లుతుంది. మన వైపు పెళ్ళి చేసుకుని వచ్చిన బాప్టిస్టు కోడలికి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు.

రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి వచ్చే జనానికి మంచినీళ్ళు అందించండి, దారి చూపండి. మొక్కు మాత్రం మన ప్రభువుకే. పక్కింటివాళ్ళు ప్రేమతో పెట్టిన పిండివంటను విసిరికొట్టడం విశ్వాసం కాదు. ఇది దేవతకు నివేదించినదని వాళ్ళే చెప్పి ఇస్తే నవ్వుతూ వద్దనండి (1 కొరింతీ 10:27-28). రాహుకాలం, తాయెత్తు, దిష్టి గుమ్మడికాయ మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వాటిని తీసేసి చోటు ఖాళీగా వదిలితే భయం మళ్ళీ తెచ్చిపెడుతుంది. గృహప్రవేశానికి గురువును పిలిచి ఇల్లు దీవింపజేయండి, గడప దగ్గర సిలువ పెట్టండి.

పెళ్ళి కుదరగానే, తాంబూలాలకు ముందే విచారణ గురువుకు చెప్పండి. ఆరు నెలలు దాటని జ్ఞానస్నాన పత్రం, గుడిలో మూడు చాటింపులు కావాలి. అవతలివారు క్రైస్తవులు కాకపోతే మేత్రాణుల (బిషప్పు) మినహాయింపు రావాలి. కార్డులు అచ్చువేశాక పరుగెత్తితే అందరికీ ఇబ్బంది.

ఫాదర్ చేరేలోపు

పుట్టిన బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. తండ్రి, అమ్మమ్మ, నర్సు ఎవరైనా సరే. శ్రీసభ ఉద్దేశించినదే చేస్తున్నానన్న మనసు ఉంటే క్రైస్తవులు కానివారు ఇచ్చినా చెల్లుతుంది. మామూలు మంచినీళ్ళు తీసుకోండి. బిడ్డ తలమీద మూడుసార్లు, నీళ్ళు చర్మం మీదుగా పారేటట్టు పోస్తూ, పేరు పెట్టి పిలిచి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను" అనాలి. పోసేవాళ్ళూ పలికేవాళ్ళూ ఒకరే అయి ఉండాలి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు పలికితే చెల్లదు. తడి దూదితో నుదురు అద్దడం, నీళ్ళు జుట్టు పైనే ఆగిపోవడం అనుమానాలకు దారితీస్తాయి. ఇంక్యుబేటర్‌లో బిడ్డకు సిరంజితో కొద్ది నీళ్ళు చాలు, నర్సును అడిగి చేయండి. తేదీ, సమయం, ఇచ్చినవారి పేరు, ఒక సాక్షి పేరు కాగితం మీద రాసి గురువుకు ఇవ్వండి. బిడ్డ కోలుకుంటే గుడికి తీసుకువెళ్ళాలి. అక్కడ మిగిలిన ఆచారాలు పూర్తిచేస్తారు, నీళ్ళు మళ్ళీ పోయరు.

అవస్థ అభ్యంగనం (రోగికి నూనె పూసే సంస్కారం) గురించి మన పల్లెల్లో ఒక భయం ఉంది. ఫాదర్ నూనె పూశారంటే మనిషి ఇక పోయినట్టే అని. ఆ భయంతో పిలవకుండా ఆపి, స్పృహ పోయాక పరుగెత్తుతారు. అప్పటికి రోగి పాపసంకీర్తనం చేసుకోలేడు, సత్ప్రసాదం మింగలేడు. పెద్ద ఆపరేషన్ ముందు, గుండెజబ్బు ముదిరినప్పుడు, వయసు మీదపడి నీరసించినప్పుడు పిలవాలి. జబ్బు మళ్ళీ తిరగబెడితే మళ్ళీ పొందవచ్చు. స్పృహ లేకపోయినా ఇస్తారు, ప్రాణం ఉందో లేదో తేలకపోయినా ఇస్తారు. చనిపోయాడని తేలిన మనిషికి ఇవ్వరు. ఈ సంస్కారం ఉపదేశి గాని, సిస్టర్ గాని ఇవ్వలేరు, గురువే రావాలి. అందుకే ఆయన నంబరు, పక్క విచారణ గురువు నంబరు జపపీఠం పక్కన గోడమీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి.

ఆయన వచ్చేసరికి మంచం పక్కన చిన్న బల్ల, దానిమీద ఉతికిన తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, తీర్థజలం, గ్లాసులో మంచినీళ్ళు, చెంచా, కాస్త దూది సిద్ధంగా ఉంచండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే కొవ్వొత్తి వెలిగించవద్దు. రోగి నుదురు, అరచేతులు తడిగుడ్డతో తుడవండి, నూనె పూసేది అక్కడే. పాపసంకీర్తనం వేళ అందరూ బయటికి వచ్చేయాలి. మింగడం కష్టమైతే ముందే గురువుకు చెప్పండి. సత్ప్రసాదం చిన్న తునక చేసి చెంచాడు నీళ్ళతో ఇస్తారు. దారిలో ఉన్న గురువు చేరేలా లేరనిపిస్తే రోగి చెవి దగ్గర యేసు నామం, చిన్న చిన్న ముక్కలుగా మనస్తాప జపం నెమ్మదిగా చెబుతూ ఉండండి. ఆ వేళ మంచం చుట్టూ శోకాలు పెట్టకుండా ఒకరు బాధ్యత తీసుకోవాలి.

దహనానికి 1963 నుంచి శ్రీసభ అనుమతి ఉంది, ఖననమే మేలని చెబుతుంది. దహనం చేస్తే అస్థికలను పెన్నలోనో సముద్రంలోనో కలపకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. 2016లో రోమ్ ఇది స్పష్టంగా చెప్పింది. కుండలో పెట్టి సమాధుల తోటలో పాతిపెట్టాలి. చనిపోయినవారి పేరు, తేదీ విచారణ రిజిస్టరులో ఎక్కించారో లేదో వారంలోపు వెళ్ళి చూసుకోండి. మృతులను స్మరించే నవంబరు 2కు రెండు రోజుల ముందే గడ్డి చెక్కి, సమాధికి సున్నం వేసి ఉంచండి. ఆ రోజు తోటలో ఎవరూ రాని సమాధులు కొన్ని ఉంటాయి. మీ దగ్గర మిగిలిన కొవ్వొత్తులు వాటిమీద వెలిగించి, ఒక్కోదాని దగ్గర ఒక పరలోక జపం చెప్పి ఇంటికి రండి.